సినిమా, పాట, ప్రార్థన, ఇల్లు: అన్నీ ఒకే న్యూస్‌లెటర్‌లో రాయొచ్చా?

శనివారం ఉత్తరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పద్నాలుగు నెలలుగా ఒక న్యూస్‌లెటర్ రాస్తున్నాను. ప్రతి శనివారం పొద్దున్న ఆరింటికి ఈమెయిల్‌లో వెళ్తుంది. నాన్న ఆసుపత్రిలో ఉన్న రెండు వారాలు తప్ప ఎప్పుడూ ఆగలేదు. ఇప్పటికి 58 ఉత్తరాలు అయ్యాయి. మొన్నటిదాకా 223 మంది చదివేవాళ్లు, ఇప్పుడు 212. ఆ పోయిన పదకొండు మంది గురించే నా ప్రశ్న.

దేని గురించి రాస్తావని ఎవరైనా అడిగితే నాకు ఒక్క మాటలో చెప్పడం రాదు. ఒక వారం సినిమా మీద రాస్తాను. ఇంకో వారం పాట మీద. ఒకసారి ఉత్తరం మొత్తం నాన్న పాత క్యాసెట్ మీదే రాశాను. రేడియోలో పాట వస్తుంటే ఆయన రికార్డు చేశారు. స్టాప్ బటన్ ఆలస్యంగా నొక్కడంతో పాట అయిపోయాక అనౌన్సర్ మాట సగం కూడా అందులో పడింది: "తర్వాత వినబోయేది..." అని. మా ఇంట్లో ఆ పాట అక్కడే ముగుస్తుంది. వేరే ఎక్కడ విన్నా ఆ సగం మాట లేకపోతే పాట పూర్తయినట్టు ఉండదు నాకు. ఆ ఉత్తరానికి వచ్చినన్ని జవాబులు ఇంకే ఉత్తరానికీ రాలేదు.

నాన్న ఇంటికి వచ్చాక 56వ ఉత్తరం రాశాను. ఆపరేషన్ జరుగుతుంటే బయట కుర్చీలో కూర్చున్నాను. చాలా ఏళ్లుగా ప్రార్థన చెయ్యడం మానేసిన దాన్ని. ఆ రోజు మాత్రం చిన్నప్పుడు నేర్చుకున్న ప్రార్థన నోటికి వచ్చింది. మొదటి పంక్తి వచ్చింది, రెండోది రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. ఆ రెండు గంటల గురించి రాశాను. నేను రాసిన వాటిలో అదే పెద్దది, 3,200 మాటలు. మామూలుగా 1,200 దాటను.

ఆ వారమే పదకొండు మంది వెళ్లిపోయారు. ఓపెన్ రేటు, అంటే ఉత్తరం తెరిచినవాళ్ల శాతం, ఎప్పుడూ 60 పైన ఉండేది, ఆ ఉత్తరానికి 44కి పడిపోయింది. మూడు జవాబులు వచ్చాయి. రెండు చాలా ఆప్యాయంగా ఉన్నాయి. మూడోది ఒక పెద్దాయన నుంచి. "ప్రార్థన మర్చిపోయానని చెప్పి అక్కడే వదిలేశారు. నమ్మేవాళ్లకు అది ఎలా ఉంటుందో ఆలోచించారా?" అని రాశారు. అప్పటి నుంచి రాయడానికి కూర్చుంటే ఆ వాక్యమే గుర్తొస్తోంది.

ఒక స్నేహితురాలు ఒక్క సబ్జెక్టు ఎంచుకోమంటోంది. సినిమా ఉత్తరాలు వేరుగా, మిగతావి వేరుగా పెడితే ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారని, తర్వాత సినిమా ఉత్తరాలకు చదివేవాళ్ల దగ్గర డబ్బు కూడా తీసుకోవచ్చని తన సలహా. విడగొట్టాలా? నమ్మకం గురించి రాయడం మానేయాలా? ఇలా కలగలిపి రాసేవాళ్లు ఉంటే మీ అనుభవం చెప్పండి.

---

పాత రిబ్బను

అమ్మా, నేను ఏడేళ్లుగా రాస్తున్నాను. మీ స్నేహితురాలు చెప్పిన పని రెండో ఏడు నేను చేసి చూశాను.

అప్పుడు నాకు 400 మంది ఉండేవాళ్లు. సినిమాకొకటి, సంగీతానికొకటి, ఆధ్యాత్మికానికొకటి అని మూడుగా విడగొట్టాను. ఐదు నెలల్లో ఏమైందో చెప్తాను. ఆధ్యాత్మిక ఉత్తరానికి 31 మంది మిగిలారు. వాళ్లంతా నాలాగే ఆలోచించేవాళ్లు. నాకు తెలియకుండానే ఉపన్యాసం చెప్పడం మొదలుపెట్టాను. సందేహాలు రాయడం మానేశాను, ఎందుకంటే అడిగేవాళ్లు లేరు. సినిమా ఉత్తరమేమో రివ్యూ అయిపోయింది. విడుదలైన మర్నాటికల్లా రాయాలి, లేకపోతే ఎవరికీ అక్కర్లేదు అనే పరుగు. సంగీతానిది మూడు నెలలకే ఆగిపోయింది. మళ్లీ అన్నీ కలిపేశాను. కలిపిన రోజు క్షమాపణ చెప్తూ ఉత్తరం రాశాను. ఒకాయన బదులిచ్చారు: "మీరు తిరిగొచ్చారు, సంతోషం." విడిపోయిన మూడు ఉత్తరాల్లోనూ నేను లేనని ఆయనకు నాకంటే ముందే తెలిసింది.

మాంతేన్ అనే ఫ్రెంచి రచయిత 1580లో వ్యాసాల పుస్తకం వేశాడు. ఆ మొదటి సంపుటంలో వాసనల మీద ఒక వ్యాసం, దాని పక్కనే ప్రార్థనల మీద ఇంకోటి ఉంటాయి. రెండో సంపుటంలో బొటనవేళ్ల మీద కూడా రాశాడు. ఏ అరలో పెట్టాలని అడిగితే ఆయన దగ్గరా జవాబు లేదు. ఇన్ని వందల ఏళ్లుగా జనం ఆ మనిషి కోసం చదువుతున్నారు, బొటనవేళ్ల కోసం కాదు.

ఇక నమ్మకం గురించి రాయడం. మొదట్లో నేను "నేనెందుకు నమ్ముతాను" అని ఒక పెద్ద ఉత్తరం రాశాను. ఒక్క జవాబు రాలేదు. ఏడాది తర్వాత, ఒక సంతాప ప్రార్థనకు నాతో వచ్చిన స్నేహితుడి గురించి రాశాను. అతనిది వేరే మతం. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలియదు. ముందు వరసలో ఒక ముసలమ్మ భుజం కదలికనే చూస్తూ ఆవిడ లేస్తే లేచాడు, కూర్చుంటే కూర్చున్నాడు. గంటసేపు కళ్లు తిప్పలేదు. అంతే రాశాను. నలభై మంది బదులిచ్చారు, అందులో దేవుణ్ని నమ్మనివాళ్లూ ఉన్నారు. మీ కుర్చీ, మీకు రాని రెండో పంక్తి సరిగ్గా ఇలాంటివే. అది మానేయమని నేను చచ్చినా చెప్పను.

సినిమా మీద రాసేటప్పుడు ఒక చిన్న మాట. కొత్త సినిమా వెంట పరుగెత్తకండి, రివ్యూలు రాసేవాళ్లు వేలల్లో ఉన్నారు. రెండోసారి చూసినప్పుడు మీకు కొత్తగా కనిపించిన ఒక్క సీను చాలు. పాటల విషయంలో సాహిత్యం మొత్తం ఎత్తి రాయకండి, కాపీరైటు తలనొప్పి. పాటలో ఏ చోట ఏమవుతుందో మాటల్లో చెప్పండి. మీ క్యాసెట్ ఉత్తరంలో మీరు చేసింది అదే.

డబ్బు సంగతి. న్యూస్‌లెటర్లు పంపే సర్వీసు సబ్‌స్టాక్ 2017లో మొదలైంది. చందా డబ్బులో 10 శాతం వాళ్లది, కార్డు ఖర్చులు వేరు. అలాంటిదే ఘోస్ట్, 2013 నుంచి ఉంది, లాభాపేక్ష లేని సంస్థ నడుపుతుంది. వాళ్లు కమీషన్ తీసుకోరు, నెలనెలా ఫీజు కట్టాలి. లెక్క ఎలా ఉన్నా, డబ్బు తీసుకున్న రోజు నుంచి నాన్న ఆసుపత్రిలో ఉన్నా సరే శనివారం ఆరింటికి ఉత్తరం వెళ్లాలి అనే టెన్షన్ మొదలవుతుంది. సబ్‌స్టాక్‌లో కొన్నాళ్లు చందా వసూలు ఆపే వీలుంది, నేను ఒకసారి వాడుకున్నాను. అయినా 212 మందితో ఇప్పుడే వద్దంటాను.

మీ ఆస్తి ఆ 212 చిరునామాల జాబితా. ఐ.ఎఫ్. స్టోన్ అని ఒక అమెరికన్ పాత్రికేయుడు ఉండేవాడు. పనిచేసిన పత్రికలు మూతపడ్డాక 1953లో సొంతంగా నాలుగు పేజీల వారపత్రిక పెట్టాడు. ఆ మూతపడ్డ పత్రికల చందాదారుల చిరునామాలకే ఉత్తరాలు రాసి సుమారు 5,300 మందిని కూడగట్టాడు. వ్యాపారం పనంతా భార్య ఎస్తర్ చూసుకునేది. 1971లో ఆపేనాటికి 70,000 దాకా వెళ్లింది. మీ జాబితా నెలకోసారి డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఆ ఉత్తరం పంపేముందు నాన్నగారికి చూపించారా?

---

మూడో ఆట

నాది కొంచెం వేరే అభిప్రాయం. విడగొట్టొద్దు, సరే. కానీ చదివేవాడి వైపు నుంచి కూడా చూడండి. సినిమా మీద మీరు రాసింది నచ్చి చేరిన మనిషి శనివారం పొద్దున్నే మెయిల్ తెరిస్తే ఎదురుగా ఆపరేషన్ థియేటర్. ముందు చిన్న హెచ్చరికైనా ఉండాలి కదా.

మీ సబ్జెక్టు లైన్లు ఎలా ఉంటాయి? "ఉత్తరం 56" అని అంకె మాత్రమేనా? అలా అయితే మార్చండి. "ఆసుపత్రి బయట రెండు గంటలు" అని ఉంటే ఇప్పుడు చదవాలా, రాత్రికి ఉంచుకోవాలా అన్నది వాళ్లే తేల్చుకుంటారు. నేను సినిమాల మీదే రాస్తాను. కథలో చావు ఉంటే మొదటి వాక్యంలోనే చెప్తాను. దానివల్ల చదివేవాళ్లు తగ్గలేదు.

---

సర్వర్ కాపలా

నాకు సాహిత్యం పెద్దగా తెలియదు. మెయిల్ సర్వర్లతో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. మీ ప్రశ్నలో నన్ను ఆపింది రెండు అంకెలు: 3,200 మాటలు, 44 శాతం.

జీమెయిల్ ఒక మెసేజ్ 102 కేబీ (కిలోబైట్లు, అంటే వేల బైట్లు) దాటితే అక్కడ కోసేస్తుంది. మిగతాది చూడాలంటే అడుగున ఉన్న "వ్యూ ఎంటైర్ మెసేజ్" అన్న లింకు నొక్కాలి. చాలామంది నొక్కరు, అసలు కోసినట్టే గమనించరు. ఇంగ్లీషులో రాసేవాళ్లకు ఈ బెడద తక్కువ, ఎందుకంటే ఒక్కో అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. తెలుగుకు మెయిళ్లలో వాడే యూనికోడ్ పద్ధతిలో (యూటీఎఫ్-8) ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. గుణింతం ఒక గుర్తు, పొల్లు ఒక గుర్తు, వత్తు వేరే. "స్త్రీ" కంటికి ఒక్క అక్షరం, లోపల ఆరు గుర్తులు, 18 బైట్లు. మాటకు సగటున ఎనిమిది గుర్తులనుకుంటే మీ 3,200 మాటలు 80 కేబీ అవుతాయి. దాని మీద టెంప్లేటు, రంగులు, క్లిక్కులు లెక్కపెట్టడానికి పెట్టే పొడవాటి లింకులు. 102 దాటడం చాలా తేలిక. అంతే పొడవున్న ఇంగ్లీషు ఉత్తరంలో మాటలన్నీ కలిపి 20 కేబీ ఉంటాయేమో.

ఇప్పుడు ఓపెన్ రేటు. మెయిల్ తెరిచారని తెలిసేది అందులో దాచిన కంటికి కనిపించని చిన్న బొమ్మ వల్ల. చాలా సర్వీసులు దాన్ని ఉత్తరం చివర పెడతాయి. చివర కోసేస్తే బొమ్మ లోడ్ కాదు, చదివినా చదవనట్టే లెక్క. అంటే ఆ 44 మీద పెద్దగా ఆధారపడొద్దు. ఆ మాటకొస్తే 60 కూడా నమ్మదగింది కాదు. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో కొత్త గోప్యతా సదుపాయం తెచ్చింది. అది ఆన్‌లో ఉంటే మనిషి తెరవకపోయినా బొమ్మలు ముందే లోడ్ అయిపోతాయి. జవాబులు లెక్కపెట్టుకోండి, అవి మాత్రం నిజం.

నాకు ఇంకో అనుమానం ఉంది. ఆ పెద్దాయన "అక్కడే వదిలేశారు" అన్నారు. మీ ఉత్తరం నిజంగా అక్కడే ముగుస్తుందా? లేక ఆయనకు కనిపించింది అంతవరకేనా? మీ ఉత్తరం మీకే పంపుకుని, జీమెయిల్‌లో తెరిచి ఒకసారి చూడండి.

చందా రద్దు లింకు గురించి భయపడొద్దు. చివర కోసేస్తే ఆ లింకూ పోతుంది, వెళ్లిపోవాలనుకున్నవాళ్లు దారి దొరక్క స్పామ్ బటన్ నొక్కుతారు. అది చాలా చేటు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నియమాలు గట్టిగా పెట్టాయి. గూగుల్ అయితే స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదంటుంది. 212 మందిలో ఒక్కరు నొక్కినా దాదాపు 0.5 శాతం. మీలాంటి చిన్న జాబితాను ఒక్క ఫిర్యాదుకే శిక్షించరు గానీ అలవాటు మంచిది కాదు. రద్దు లింకు పైన కూడా ఒకటి పెట్టండి. మర్యాదగా వెళ్లిపోయిన పదకొండు మంది మీకు మేలే చేశారు.

జాబితా విషయంలో పాత రిబ్బను గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. ట్విట్టర్ 2021లో రెవ్యూ అనే న్యూస్‌లెటర్ సర్వీసును కొని, 2023 జనవరిలో మూసేసింది. చాలామంది ఇష్టపడిన టైనీలెటర్‌ను 2024 ఫిబ్రవరి 29న మూశారు. జాబితా దాచుకున్నవాళ్లు వారంలో వేరేచోట మొదలుపెట్టారు.

---

చివరి వరస

నేను రాయను, చదువుతాను. ఇక్కడ మాట్లాడొచ్చో లేదో తెలియదు కానీ, ఆ పదకొండు మందిలాంటి మనిషి ఒకరు మాట్లాడితే బాగుంటుందనిపించింది.

రెండేళ్ల క్రితం నేనొక న్యూస్‌లెటర్ చదివేదాన్ని. ఆవిడ పాత పాటల గురించి, తన మేడ మీద మొక్కల గురించి రాసేది. ఒక వారం వాళ్లమ్మ చివరి రోజుల గురించి రాసింది. అప్పుడు మా అమ్మ కూడా మంచం మీద ఉంది. రెండు పేరాలు చదివాను. మూడోది చదవలేకపోయాను. అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కాను. ఎందుకు వెళ్తున్నారో చెప్పమని ఒక పెట్టె వచ్చింది. అందులో ఏమీ రాయలేదు. ఏం రాయాలి?

ఆవిడ రాసింది బాగా లేక కాదు. అది మరీ దగ్గరగా ఉంది. అమ్మ పోయాక ఏడు నెలలకు మళ్లీ వెతుక్కుని చేరాను. ముందు ఆ ఉత్తరమే తెరిచి చివరిదాకా చదివాను. ఆవిడకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. ఆవిడ లెక్కలో నేను ఆ వారం తగ్గిన ఒకరిని, ఏడు నెలల తర్వాత ఎక్కడి నుంచో వచ్చిన కొత్త ఒకరిని.

మీ పదకొండు మంది ఎవరో నాకు తెలియదు. అందరూ నాలాంటివాళ్లని చెప్పలేను. కొందరికి నిజంగానే నచ్చకపోయి ఉండొచ్చు.

మూడో ఆట గారు చెప్పిన సబ్జెక్టు లైను మాట సరైనదే. అలాంటిది ఉండుంటే నేను తెరవకుండా దాచుకునేదాన్ని, చందా మానేదాన్ని కాదు.

---

శనివారం ఉత్తరం

నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను. అందరి మాటలూ రెండేసి సార్లు చదివాను.

సర్వర్ కాపలా గారూ, మీరు చెప్పినట్టే ఆ ఉత్తరం నాకే పంపుకుని జీమెయిల్‌లో చూశాను. మీ అనుమానమే నిజం. "రెండో పంక్తి రాలేదు" అన్న పేరా, దాని తర్వాత ఇంకో రెండు వాక్యాలు, అక్కడితో కోసేసింది. కింద చిన్న అక్షరాల్లో ఆ లింకు.

కోసేసిన ముక్కలో ఏముందంటే: నా పక్క కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆవిడ మనవడు లోపల ఉన్నాడు. నేను మొదటి పంక్తి పదేపదే గొణుక్కోవడం విని, నా వైపు తిరగకుండానే, గోడ వైపు చూస్తూ రెండో పంక్తి చెప్పింది. తర్వాత మూడోది. నేను ఆవిడ వెనకే చెప్పాను. చివరిదాకా ఇద్దరం చెప్పుకున్నాం. ఆ తర్వాత ఒక్క మాటా మాట్లాడుకోలేదు. నేను ఆ ఉత్తరం రాసిందే ఆవిడ కోసం. జీమెయిల్‌లో చదివినవాళ్లలో చాలామందికి ఆవిడ కనిపించనే లేదు.

ఆ పెద్దాయనకు మిగతా భాగం విడిగా మెయిల్ చేశాను. సంజాయిషీ ఏమీ రాయలేదు, "ఇది మీకు చేరలేదనుకుంటాను" అని మాత్రం పెట్టాను. మర్నాడు జవాబు వచ్చింది. ఆయన ఆ ప్రార్థన తన చిన్నప్పుడు ఇంకోలా చెప్పేవారట. రెండో పంక్తిలో ఒక మాట తేడా. ఆ తేడా ఎలా వచ్చి ఉంటుందో ఒక పేజీ రాశారు. ఆయన ఒప్పుకుంటే దాన్ని ఒక ఉత్తరంలో వేస్తాను.

పాత రిబ్బను గారూ, మీ ప్రశ్నకు జవాబు: చూపించలేదు. నిజానికి నాకు ఆ ఆలోచనే రాలేదు, ఆ ఉత్తరం నాదని అనుకున్నాను. మొన్న రాత్రి నాన్నకు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నారు. క్యాసెట్ ఉత్తరం కూడా చదవమన్నారు. అనౌన్సర్ సగం మాట దగ్గర నవ్వారు, ఆ రోజు స్టాప్ బటన్ బిగుసుకుపోయిందట, ఆలస్యం తనది కాదట. ఆసుపత్రి ఉత్తరంలో ఒక్కటి తీసెయ్యమన్నారు. లోపలికి తీసుకెళ్లే ముందు ఆయన ఏడ్చారని రాశాను. "అది నువ్వు చూశావు, సరే. అందరికీ ఎందుకు?" అన్నారు. వెబ్‌లో ఉన్న కాపీలోంచి ఆ వాక్యం అదే రాత్రి తీసేశాను. 223 మెయిళ్లలోంచి తీయలేను కదా. ఆ మాటే చెప్పాను. కాసేపు ఆగి, "ఇకముందు ముందే చదువు" అన్నారు.

విడగొట్టడం లేదు. డబ్బు సంగతి ఇప్పుడు తలపెట్టను. పొడుగు ఉత్తరం రాస్తే రెండు వారాలుగా పంపుతాను. మొదటి దాని చివర "మిగతాది వచ్చే శనివారం" అని ఉంటుంది. చివరి వరస గారూ, సబ్జెక్టు లైన్లో ఇకమీదట అంకె ఉండదు, విషయం ఉంటుంది. మీ ఏడు నెలల సంగతి ఆవిడకు ఒక మెయిల్ రాయండి అని అడగాలనిపిస్తోంది. రాసేవాళ్లకు అలాంటిది ఎప్పుడూ తెలియదు.

ఈ శనివారం ఉత్తరం పేరు "స్టాప్ బటన్ బిగుసుకుపోయింది". నాన్న ఇప్పుడే చదువుతున్నారు, చేతిలో పెన్ను పట్టుకుని.